నీళ్ళు కదలని ఫొటో

ఒక్క మంచి ఫొటో కోసం గుంటెడు రొయ్యల ప్రాణాన్నీ, ఒక లైన్‌మన్ పరువునూ, మా పెద్దమ్మ సాక్ష్యాన్నీ ఒకే ఆదివారం పొద్దున ప్రమాదంలోకి నెట్టిన చరిత్ర నాది. ఇప్పుడు మీకు చెబుతూ నవ్వుతున్నాను గానీ, ఆ రోజు నా గుండె కొట్టుకున్న చప్పుడుకు పక్క ఊరి గుంటల్లోని రొయ్యలు కూడా ఉలిక్కిపడి ఉంటాయి. ఇది చదివేవారిలో రొయ్యల రైతులు ఎవరైనా ఉంటే దయచేసి ముందు కూర్చోండి. మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి.

ముందు నా గొంతు గురించి చెప్పాలి. అది ఉంది. డాక్టర్లు కూడా ఉందనే అంటారు. కానీ బయటికి రాదు. నెల్లూరులో ఆటో ఎక్కితే 'ఇక్కడ ఆపండి' అనే మాట పెదవుల దాకా వచ్చి సిగ్గుపడి వెనక్కి పోయేది. నేను రెండు వీధులు అవతల, వేరే ఎవరో దిగే చోట దిగి, ఎండలో వెనక్కి నడిచి వచ్చేదాన్ని. చర్చిలో పాటల బృందంలో చివరి వరుసలో నిలబడి నోరు మాత్రం కదిపేదాన్ని. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. 'మాట్లాడరాదు' అని గోడ మీద రాసి మరీ జీతం ఇచ్చే చోటు ప్రపంచంలో ఇంకెక్కడ ఉంటుంది?

అలాంటి నాకు ఫొటోల పిచ్చి పట్టింది. మాట్లాడే పని లేకుండా నలుగురికీ ఏదైనా చూపించే విద్య అదొక్కటే అనిపించింది. చిక్కేమిటంటే, నాకు ఆ విద్య రాదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు కదా, నా ఫొటోల్లో అందితే కాళ్ళు, అందకపోతే మోకాళ్ళు. జుట్టు ఎప్పుడూ అందలేదు.

ఆ శనివారం నేను కోట అనే ఊరి దగ్గర మా పెదనాన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయనకు సముద్రానికి ఇవతల రొయ్యల గుంటలున్నాయి, వాటి కట్ట మీదనే ఇల్లు. ఆ సాయంత్రం వాళ్ళ పెళ్ళిరోజని ముగ్గురమూ సముద్రం దాకా పోయాం. పెద్దమ్మ కొత్త చీర, పెదనాన్న ఇస్త్రీ చొక్కా, వెనకాల అలలు. నేను ఫోను పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, ఊపిరి బిగబట్టి ఫొటో తీశాను. ఇంటికొచ్చాక పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని చూశారు. అటు తిప్పి చూశారు. ఇటు తిప్పి చూశారు.

"నా తల యాడమ్మే?"

పెద్దమ్మ తొంగి చూసింది. "పోనీలేబ్బా, నా మెళ్ళో గొలుసు బాగా పడిండాది."

"గొలుసు పడితే సరిపోయిందా? పెళ్ళిరోజు పూట మొండేన్ని పక్కన పెట్టుకుని నిలబడినట్టుండావు."

"ఇంట్లో మాత్రం నీ తల ఎప్పుడు పనికొచ్చిందిలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపల ఒక భీషణ ప్రతిజ్ఞ చేసుకున్నాను: తెల్లారేలోగా వీళ్ళు నోరెళ్ళబెట్టే ఫొటో ఒకటి తీస్తాను. దేవుడు కొన్ని ప్రతిజ్ఞలను ఎందుకు వింటాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అక్షరాలా నోరెళ్ళబెట్టారు.

రాత్రి నిద్ర పట్టలేదు. రొయ్యల గుంటల్లో చక్రాలు తిరుగుతుంటాయి. నీళ్ళను చిలికి లోపలికి గాలి పంపే మోటారు చక్రాలు. ఒక్కొక్కటీ పది మంది చాకళ్ళు ఒకేసారి బట్టలు ఉతుకుతున్నంత చప్పుడు చేస్తుంది. నేను దుప్పట్లో దొర్లుతుంటే పెద్దమ్మ అంది, "ఆ సద్దుకేనా? మాకు ఆ సద్దు ఉంటేనే నిద్ర. అది ఆగితే మీ పెదనాన్న మంచం మీద నుంచి ఎగిరి పడతాడు."

పాఠకులారా, ఈ వాక్యం నేను విన్నాను. శ్రద్ధగా విన్నాను. 'పల్లె జనం ఎంత ముచ్చటగా మాట్లాడతారు' అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. ఎందుకు ఎగిరి పడతాడు అని మాత్రం అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అడగనివాళ్ళకు పెద్దమ్మయినా ఏం చెబుతుంది?

నిద్ర రాక ఫోనులో ఫొటోల పాఠాలు చూశాను. ప్రయాణాల్లో మంచి ఫొటోలు తీయడం ఎలా అని ఒకాయన ఉత్సాహంగా చెబుతున్నాడు. ఒకటి, తెల్లవారే వెలుగును మించిన వెలుగు లేదు. రెండు, నిశ్చలమైన నీళ్ళు దొరికితే వదలకండి, ఆకాశం రెండుసార్లు పడుతుంది. మూడు, ఫ్రేములో అడ్డంగా ఉన్నది ఏదైనా తీసేయండి, మొహమాటపడకండి. చివరగా, ఎక్కడికి వెళ్ళినా అక్కడి మనుషులతో మాట్లాడండి, అడిగి తెలుసుకోండి.

చివరిది నా వల్ల కాదు కనుక వదిలేశాను. మిగతావి కంఠతా పట్టాను. ముఖ్యంగా ఆ మూడోది. పుట్టి బుద్ధెరిగాక నన్ను మొహమాటపడవద్దని ఇంత మర్యాదగా అడిగినవాడు ఆయనొక్కడే.

ఇంకా పొద్దు పొడవక ముందే లేచి, ఆ పంటకు రొయ్యలు వేసిన ఒకే ఒక్క పెద్ద గుంట కట్ట మీదికి పోయాను. తూర్పున సముద్రం మీద ఆకాశం కోసిన బొప్పాయి పండులా విచ్చుకుంటోంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. వెలుగుకు నూటికి నూరు మార్కులు. కానీ గుంట నిండా చక్రాలు తిరుగుతూ నీళ్ళను ఎగజిమ్ముతున్నాయి. ఆకాశం నీళ్ళలో పడడం లేదు సరికదా, పడిన ముక్కను కూడా ఆ చక్రాలు పచ్చడి చేస్తున్నాయి. పైగా మోటారు కొట్టం బయట వేలాడే బల్బు ఒకటి పచ్చగా వెలుగుతూ ఫొటోకు కామెర్లు తెప్పిస్తోంది.

గుంటలను చూసుకునే మస్తానన్నను అడగవచ్చు. 'అన్నా, వీటిని కాసేపు ఆపవచ్చా?' అంతే. నాలుగు మాటలు. నేను వాటిని లోపల నాలుగైదు రకాలుగా వల్లె వేశాను కూడా. కొట్టం దగ్గరికి పోతే మస్తానన్న లేడు. దూరంగా ముళ్ళకంపల అవతలికి చెంబు పట్టుకుని పోతూ కనిపించాడు. అలాంటి పని మీద పోయే మగమనిషిని వెనక నుంచి పిలవడం నా వంటి ఆడపిల్లకు ఎక్కడైనా సాధ్యమా? మీరే చెప్పండి.

కొట్టంలో గోడకు ఒక పెట్టె. దాని మీద ఒక పచ్చ బటను, ఒక ఎర్ర బటను. మనిషితో మాట్లాడడం కంటే బటను నొక్కడం ఎంత సుఖమో సిగ్గరులకు నేను చెప్పనక్కరలేదు. ఎర్రది నొక్కాను. పక్కనే ఉన్న స్విచ్చి వేసి బల్బు కూడా ఆర్పాను. ఆటోవాడికి 'ఆపండి' అని చెప్పలేని నేను, ఒక్క వేలితో గుంటనంతా ఆపాను.

చక్రాలు మెల్లగా, అలిగినట్టుగా, ఒకదాని తర్వాత ఒకటి నిలిచిపోయాయి. నురగ చెదిరింది. అలలు చిన్నవై, గీతలై, మాయమయ్యాయి. ఆ తర్వాత నేను చూసింది చెబితే నమ్మరు. పెద్ద గుంట అద్దమైపోయింది. పైన ఒక ఆకాశం, కింద ఒక ఆకాశం, నడుమ సన్నటి నల్ల గీతలా అవతలి కట్ట. ఎగిరే కొంగ కూడా రెండు కొంగలు. మోకాళ్ళ మీద కూర్చుని తీశాను. పడుకుని తీశాను. ఒక్క చెమట చుక్క నా నుదుటి మీద నుంచి జారిపడితే అద్దం పగులుతుందేమోనని ముఖం పక్కకు పెట్టి తీశాను.

ఇంతలో గట్టు వెంబడి నీళ్ళలో చిన్న చిన్న సుడులు లేచాయి, సన్నటి తుంపర పడుతున్నట్టు. వంగి చూస్తే రొయ్యలు. ఒకటి కాదు, రెండు కాదు, గుంపులు గుంపులుగా మీసాలు పైకెత్తి నా వైపు వస్తున్నాయి. 'అయ్యో, ఇవి కూడా ఫొటోకు వచ్చాయి' అనుకున్నాను. ప్రేమగా వాటినీ తీశాను. ఊపిరాడక పైకి తేలే ప్రాణులను చూసి ముచ్చటపడిన మనిషి ఈ తీరంలో నాకు ముందు ఎవరూ లేరు, ఇక పుట్టరు.

మళ్ళీ ఫోను ఎత్తి అవతలి కట్టను చూశాను. అప్పుడు అద్దంలోకి ఒక మనిషి వచ్చాడు. బనియను, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన లుంగీ, బార్లా తెరిచిన నోరు. కట్ట మీద ఒకడు, నీళ్ళలో తలకిందులుగా ఒకడు, ఇద్దరూ ఒకే అడుగు వేస్తూ పరిగెత్తుతున్నారు. కళాకారుల వేలు ఆలోచనకు ముందే కదులుతుందంటారు. నొక్కాను. నొక్కిన తర్వాత తెలిసింది, అది మా పెదనాన్న.

"మస్తానూ! రేయ్ మస్తానూ! చక్రాలు ఆగిపోయినాయిరా!"

ముళ్ళకంపల్లో నుంచి మస్తానన్న లేచాడు. చెంబు చేతిలోనే ఉంది. "అల్లా! నేను ఈడ కూర్చుంటేనే కరెంటు పోతాదేందన్నా ప్రతిసారీ!"

ఇద్దరూ రెండు వైపుల నుంచి నా దగ్గరికి వచ్చారు. పెదనాన్న నీళ్ళు చూసి, గట్టున ఉన్న రొయ్యలను చూసి, పాలిపోయారు. "తేలినాయి" అన్నారు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. "తెల్లారుజామునే నీళ్ళలో గాలి తక్కువుంటాది. ఇప్పుడే ఆగాల్నా ఇది?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో బల్బు, బయట బల్బు ఆర్పిన ఫలితంగానేమో.

"ఎప్పుడు పోయిందమ్మా కరెంటు? నువ్వు ఈడనే ఉండావు కదా? పోయి ఎంతసేపయింది?"

నేను చెప్పవలసింది ఒక్క మాట. నేనే ఆపాను. నోరు తెరిచాను. గాలి వచ్చింది. మాట రాలేదు. మాటకు బదులుగా నా మెడ, నన్ను అడక్కుండా, కిందికీ పైకీ ఊగింది.

"పోయిందంట" అన్నాడు మస్తానన్న. "బల్బు కూడా లేదన్నా, చూడు."

మౌనం అర్ధాంగీకారం అంటారు. నా మౌనం నిండు అబద్ధమై గుంట మీద కూర్చుంది.

"జనరేటర్ వెయ్యరా!"

"డీజిల్ లేదన్నా."

"లేదని చెప్పద్దా?"

"చెబుదామనుకున్నా గదన్నా."

"ఎవరికి?"

"మీకే. మనసులో అనుకున్నా."

ఆ క్షణంలో మస్తానన్నను నేను నా సొంత అన్నగా స్వీకరించాను. మనసులో అనుకునే జాతి మాది.

పెదనాన్న మేత బక్కెట్టు పట్టుకుని గుంటలోకి దిగారు. నీళ్ళు ముంచి ఎత్తి పోస్తున్నారు, ముంచి ఎత్తి పోస్తున్నారు. అట్లా పోస్తే కొంచెమైనా గాలి కలుస్తుందని. మస్తానన్న ఇంకో బక్కెట్టు కోసం వెదకలేక చెంబుతోనే మొదలుపెట్టాడు. అంత పెద్ద గుంటకు చెంబు! సముద్రంలో కాకిరెట్ట అన్న సామెత అక్కడే, ఆ ఒడ్డునే పుట్టి ఉంటుంది. పెద్దమ్మ జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. నేనూ దిగి రెండు చేతులతో నీళ్ళను కొట్టాను. నా పక్కనే పెదనాన్న. ఆయన ఎవరినీ తిట్టడం లేదు. వంగి నీళ్ళతో మాట్లాడుతున్నారు.

"ఉండండ్రా. కొంచెం ఓర్చుకోండి నాయనా. ఉండండి."

పోయిన పంట రోగమొచ్చి ఈ గుంటలోనే తుడిచిపెట్టుకుపోయింది. ఇది దాని తర్వాతి పంట. ఆ వారంలోనే పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు. ఆ సంగతులు నాకు ముందే తెలుసు, కానీ తెలిసినది అర్థమైంది ఆయన రొయ్యలను బతిమాలడం విన్నప్పుడు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. నన్ను కుట్టింది తేలు కాదు, తేళ్ళ సంఘం.

"పెదనాన్నా..." అన్నాను. నాకే వినపడలేదు.

"పక్కకు జరుగమ్మా, జారతాది."

"మస్తానన్నా..."

"నువ్వు భయపడబాక పాపా. నీ తప్పేముండాది ఇందులో?"

ఇంతకంటే పదునైన మాట ఆయన వెతికినా దొరకదు.

పెదనాన్న తడి చేత్తోనే లైన్‌మన్‌కు ఫోను కలిపి స్పీకరు పెట్టారు. లైన్‌మన్ పేరు సామేలు. పెదనాన్న వాళ్ళ చర్చిలోనే డోలక్ వాయిస్తాడు.

"ఏందయ్యా సామేలూ, గుంటల కరెంటు తీసేసినావు?"

"వందనాలన్నా. నేనేం తీయలేదన్నా. మీ లైనులో నిండా కరెంటు ఉండాది."

"ఉంటే నా చక్రాలు ఎందుకు తిరగవు?"

"ఆ సంగతి చక్రాలను అడగాలన్నా."

"ఆదివారం పొద్దున్నే అబద్ధాలు చెప్పబాక సామేలూ!"

"నిజమన్నా, నా పిల్లల మీద..."

"మా పాప కళ్ళారా చూసింది కరెంటు పోవడం! ఇదిగో, నువ్వే మాట్లాడు!"

ఫోను నా చేతికి వచ్చింది. ఇదే అదను. మనిషి ఎదురుగా లేడు, ముఖం కనబడదు, చెప్పేయవచ్చు. నేను గుండె నిండా గాలి పీల్చుకుని అన్నాను, "వందనాలండీ."

"వందనాలమ్మా" అన్నాడు సామేలు. "అందరూ బాగుండారా?"

"బాగున్నామండీ."

పెదనాన్న ఫోను లాక్కున్నారు. "ఈడ రొయ్యలు చస్తుంటే బాగుండామా! ఇప్పుడే బయల్దేరి రా!" అని పెట్టేశారు.

పాపం ఆ మనిషి ఆదివారం పూట, దోసెల ముందు నుంచి లేచి వస్తాడు. లేని తప్పు కోసం స్తంభం ఎక్కుతాడు. ఇక లాభం లేదు, నోరు పనిచేయకపోతే కాళ్ళైనా పనిచేయాలి, కొట్టంలోకి పరిగెత్తి పచ్చ బటను నొక్కేద్దాం అని గట్టెక్కాను. ఎక్కిన మరుక్షణమే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మోకరించు తల్లీ. ప్రార్థన చేద్దాం."

ప్రార్థనలో చెయ్యి విడిపించుకోకూడదని నాకు సండే స్కూల్లో నేర్పారు. పెద్దమ్మ ప్రార్థన చిన్నది కాదు. ఆమె సృష్టి దగ్గర మొదలుపెట్టింది. వెలుగు కలిగింది, జలములు వేరయ్యాయి, జలచరములు పుట్టాయి. జలచరముల దగ్గరికి వచ్చేసరికి మన సంగతికి వచ్చిందని ఆశపడ్డాను. లేదు, అక్కడి నుంచి మనుషుల్లోకి వెళ్ళింది. బంధువులందరినీ పేరుపేరునా అప్పగించింది. "ప్రభువా, మా బిడ్డ కృపను దీవించు. మాటకారి కాదు, అయినా మనసు మంచిది. దానికి తలలు పడే ఫొటోలు తీసే తెలివిని దయచేయి." నా కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. భక్తి అనుకుని ఆమె చెయ్యి ఇంకా గట్టిగా బిగించింది.

"ఆమేన్" అంది చివరికి.

చెయ్యి వదిలింది. నేను బాణంలా కొట్టంలోకి దూసుకుపోయి పచ్చ బటను నొక్కాను. బల్బు కూడా వేశాను. తప్పు చేసినా పద్ధతి ప్రకారం చేస్తాను. చక్రాలు ఒక్కసారి మూలిగి, విదిలించుకుని, గిర్రున తిరిగాయి. అద్దం ముక్కలైంది. అంత అందమైన చప్పుడు నేను నా జన్మలో వినలేదు.

బయటికి వచ్చేసరికి పెద్దమ్మ రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. "స్తోత్రం! ఆమేన్ అన్న నోరు ఇంకా మూయలేదు, కరెంటు ఇచ్చేసినాడు!"

మస్తానన్న చెంబు నేల మీద పెట్టాడు. "అల్లా కూడా చెయ్యేసి ఉంటాడు పెద్దమ్మా. నేను కూడా లోపల అనుకుంటానే ఉండా."

పెదనాన్న గట్టు మీద కూలబడి ముఖం తుడుచుకున్నారు. అది చెమటో, నీళ్ళో, ఇంకేమిటో నేను చూడలేదు. అరగంపెడు రొయ్యలు చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. మిగతావి మెల్లగా లోపలికి దిగిపోయాయి. గుంట దక్కింది. సామేలు బయల్దేరే లోపే పెదనాన్న ఫోను చేసి, "ఇప్పుడిచ్చినావా, నేను తిడితే గానీ ఇయ్యవు" అని పెట్టేశారు. అవతలి వైపు నుంచి ఏదో అనబోయిన మాట సగంలో తెగిపోయింది.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే, ఈ రహస్యం నాతోనే సమాధికి వచ్చి ఉండేది. కానీ అది ఆదివారం అని చెప్పాను కదా.

కోటలో వాళ్ళ చర్చి చిన్నది. ఫ్యాన్లు పెద్దవి, మైకు ఇంకా పెద్దది. దేవుడు చేసిన మేళ్ళను అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. పెద్దమ్మ కొత్త చీర కొంగు సర్దుకుంటూ లేచింది. నా కడుపులో చక్రాలు ఆగిపోయాయి.

"సంఘానికి వందనాలు. ఈ పొద్దు మా గుంట మీద దేవుడు అద్భుతం చేసినాడు..." అని మొదలుపెట్టి, చక్రాలు ఆగడం, రొయ్యలు తేలడం, తాను మోకరించడం, అన్నీ చెప్పింది. బాగా చెప్పింది. తెలిసిన నాకే ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత అంది, "మనుషులను నమ్ముకుంటే ఏముండాది? లైన్‌మన్‌కు ఫోను చేస్తే కరెంటు ఉండాదని బొంకినాడు. మనిషి చెయ్యనిది దేవుడు చేసినాడు!"

తలలన్నీ ఒక్కసారిగా ముందు వరుస వైపు తిరిగాయి. డోలక్ ఒళ్ళో పెట్టుకుని సామేలు కూర్చుని ఉన్నాడు. ఆయన నోరు తెరవబోయి మూసుకున్నాడు. తల వంచుకుని డోలక్ తాళ్ళు బిగించడం మొదలుపెట్టాడు. అవి బిగువుగానే ఉన్నాయి.

మాట నోటిదాకా వచ్చి ఆగిపోతే మనిషి ముఖం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు. రోజూ అద్దంలో చూసే ముఖం అది.

"మా కృప సాక్షి" అంటోంది పెద్దమ్మ. "ఆడనే ఉండింది. అంతా చూసింది."

పాస్టరుగారు చిరునవ్వుతో అన్నారు, "రామ్మా. నువ్వు కూడా రెండు మాటలు చెప్పు."

నేను ఎట్లా లేచానో, ఎట్లా నడిచానో తెలియదు. మైకు చేతిలోకి వచ్చింది. అది ముందు కుయ్యిమని అరిచింది, నా తరఫున. చెవులు మూసుకున్నవాళ్ళు చేతులు దించే లోపు చెప్పేశాను.

"అందరికీ వందనాలు. కరెంటు పోలేదు. నేనే ఆపినా. ఫొటో కోసం."

అప్పుడు తెలిసింది, నాకు గొంతు ఉందని. మైకు గుండా అది చర్చి దాటి, వీధి దాటి, ఎదుటి టీ కొట్టు దాకా పోయింది. ఆ సంఘ చరిత్రలో అంత పొట్టి సాక్ష్యం ఎవరూ చెప్పలేదట.

చర్చి నిశ్శబ్దమైంది. చక్రాలు ఆగిన గుంటలాగే. ఎవరూ కదలడం లేదు. నేను ఊపిరాడక పైకి తేలుతున్నాను.

ఆ నిశ్శబ్దంలో సామేలు తల ఎత్తకుండానే, ఒక చేత్తో డోలక్ మీద ఒకే ఒక్క దెబ్బ వేశాడు.

దబ్.

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఆడవాళ్ళు. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. పాస్టరుగారు జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వనిది పెద్దమ్మ ఒక్కతే. ఆమె నా చేతిలోని మైకు తీసుకుంది. నేను ఇక అయిపోయానని కళ్ళు మూసుకున్నాను.

"ఆపింది ఇదే. సరే" అంది పెద్దమ్మ గంభీరంగా. "మళ్ళీ వెయ్యాలన్న బుద్ధి దీనికి ఎవరిచ్చినారు? ఎప్పుడిచ్చినారు? ఆమేన్ అన్నాకనే గదా? సామేలూ, నిన్ను అన్నమాట వెనక్కి తీసుకుంటా ఉండా నాయనా. దేవుడిని అన్నమాట మాత్రం తీసుకోను."

"ఆమేన్" అంది సంఘమంతా. వేదాంతంలో నాకు ప్రవేశం తక్కువ గానీ, ఆ వాదంలో తప్పు నాకు ఇప్పటికీ దొరకలేదు.

చర్చి బయట పెదనాన్న నా కోసం నిలబడి ఉన్నారు. పక్కన సామేలు. నేను తల వంచుకుని వెళ్ళి నిలబడ్డాను. పెదనాన్న నడుము పట్టుకుని నా వైపు తిరిగారు.

"నోరు తెరిచి చెప్పుంటే బటను నొక్కేవాణ్ణి గదమ్మే. బక్కెట్టుతో పోసినా. ఈ నడుముతో."

"భయమేసింది పెదనాన్నా."

"నాకేసిన దానికంటేనా?"

నేను ఏడ్చాను. ఆయన సామేలు వైపు తిరిగి, "పొద్దున అన్నవి మనసులో పెట్టుకోబాక. పట్టుబడి రోజు ఇంటికి రా" అన్నారు. సామేలు తల ఊపి, "చక్రాలను అడగమని చెప్పినా గదన్నా. మీరు పాపను అడిగినారు" అన్నాడు.

అప్పుడు పెదనాన్న చెయ్యి చాపారు. "యాడ, ఆ ఫొటో?"

చూపించాను. కళ్ళజోడు సర్దుకున్నారు. అటు తిప్పి చూశారు. ఇటు తిప్పి చూశారు. రెండు ఆకాశాలు, రెండు కొంగలు, నడుమ నోరు తెరుచుకుని పరిగెత్తుతున్న ఇద్దరు పెదనాన్నలు.

"తల పడిండాదే!" అన్నారు ఆశ్చర్యంగా.

"రెండు పడ్డాయి పెదనాన్నా."

ఆ మధ్యాహ్నం చచ్చిన రొయ్యలతో పెద్దమ్మ పులుసు చేసింది. నా కంచంలో అందరికంటే ఎక్కువ వడ్డించింది. "తిను. నీ ఫొటోలో వాళ్ళే" అంది. ఆ రాత్రి, నోటితో చెప్పలేనివన్నీ రాసుకునే డైరీ తెరిచాను గానీ ఒక్క ముక్క రాయలేకపోయాను. చెప్పవలసిందంతా మైకులోనే అయిపోయింది.

పట్టుబడి బాగా జరిగిందని తర్వాత ఫోనులో చెప్పారు. మళ్ళీ వాళ్ళింటికి పోవడానికి నాకు ముఖం చెల్లడానికి చాలా రోజులే పట్టింది. పోయిన రోజున మస్తానన్న, కొత్తగా పనిలో చేరిన ఒకాయనకు మోటారు కొట్టం చూపిస్తున్నాడు. నన్ను చూడగానే మస్తానన్న ముఖం వెలిగింది. "ఇదిగో, ఆ పాపే ఈ పాప!"

లోపలికి తొంగి చూశాను. పచ్చ బటనుకూ ఎర్ర బటనుకూ సరిగ్గా పైన, తడవకుండా లామినేషన్ చేయించి, నా ఫొటో గోడకు కొట్టి ఉంది. నా జీవితంలో గోడకెక్కిన ఏకైక ఫొటో. కింద పెదనాన్న చేతిరాతతో, పెద్ద పెద్ద అక్షరాల్లో:

'నీళ్ళు ఇంత అందంగా కనపడితే పరిగెత్తు.'

కనుక, ఈ తీరం పొడుగునా ఉన్న సమస్త రొయ్యల సాక్షిగా, సామేలుగారి డోలక్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఎర్రగా ఉన్న ఏ బటనునూ నేను ముట్టను. మనిషి ముళ్ళకంపల అవతల ఉన్నా సరే, చెంబుతో తిరిగి వచ్చేదాకా కాచుకుంటాను. నిండు కుండ తొణకదని ఇకపై ఎవరితోనూ అనను, నిండు గుంట తొణకవలసిందే. ఇక ఏ ఊరు పోయినా, ఏ నీళ్ళు అద్దంలా కనబడినా, ఫోను తీసే ముందు పక్కనున్న మనిషిని గొంతు పెద్దది చేసి అడుగుతాను: "అయ్యా, ఈ నీళ్ళు ఎప్పుడూ ఇట్లాగే ఉంటాయా, లేక నాలాంటిది ఎవరైనా వచ్చి పోయిందా?"